పాట దగ్గర పంక్తి

1971 జూన్ 14న లండన్ హైడ్ పార్కు మూలన, అంతకుముందు రోల్స్ రాయిస్ కార్లు అమ్మిన హాలులో, హార్డ్ రాక్ కెఫే అనే హోటలు తెరుచుకుంది. పెట్టినవాళ్లు ఐజాక్ టైగ్రెట్, పీటర్ మోర్టన్. ఇద్దరూ అమెరికావాళ్లే, ఇద్దరికీ అప్పటికి పాతికేళ్లు నిండలేదు. అంత పెద్ద నగరంలో తమ దేశపు రుచి ఉన్న బర్గర్ దొరకడం లేదన్న కొరతే ఆ హోటలుకు పునాది. ఇరవై ఏళ్ల తర్వాత, 1991 నవంబరు 22న, అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు పుట్టపర్తి పక్కన ప్రశాంతిగ్రామంలో ఒక పెద్దాసుపత్రిని ప్రారంభించారు. రోగి దగ్గర పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేయడం దాని నియమం. ఆ ఆసుపత్రికి భారీగా విరాళమిచ్చిన వాళ్లలో ముందువరసలో ఉన్నవాడు టైగ్రెట్. హార్డ్ రాక్‌లో తన వాటా అమ్మగా వచ్చిన సొమ్ములోంచి ఇచ్చాడు. అంటే బర్గర్లు తింటూ రాక్ పాటలు విన్న జనం లండన్‌లో కట్టిన బిల్లులు, చుట్టూ తిరిగి, కర్ణాటక చిక్కబళ్లాపురం జిల్లాలోని నాగరగెరె నుంచి రాష్ట్ర సరిహద్దు దాటితే వచ్చే రాయలసీమ పల్లెల మధ్య ఆసుపత్రి గోడలయ్యాయి. ఇది వింత యాదృచ్ఛికమని చాలామంది చెప్పి వదిలేస్తారు. నాకు అలా అనిపించదు. పాట కోసం ఊరు దాటి పోవడం, పోయినచోట ఏం తినాలో వెదుక్కోవడం అన్నవి చాలా పాత జంట. ఈ జంటలో తిండి పక్కవాద్యం అని మనం అనుకుంటాం కానీ, ఆ పాట నిజంగా ఎవరిదో తేల్చేది ఆ తిండే. పళ్లెం ఎంతమందికి తెరిచి ఉందో పాట అంతమందికే సొంతమవుతుంది. ఈ మాటకు సాక్ష్యాలు లండన్‌లోనే కాదు, చిక్కబళ్లాపురం జిల్లాలోనూ ఉన్నాయి.

ముందు ఇంటి సాక్ష్యం చూద్దాం. ఈ జిల్లాలో బడి భాష కన్నడం, చాలా ఇళ్లలో మాట తెలుగు. ఆ తెలుగుకు ఇక్కడ గుడి లాంటి చోటు చింతామణి తాలూకాలోని కైవారం. కైవార తాతయ్యగా జనం పిలుచుకునే యోగి నారేయణ యతీంద్రులు, అంటే నారాయణప్ప, 1726లో పుట్టి 1836లో సమాధి పొందారని సంప్రదాయం చెబుతుంది. నూట పదేళ్ల ఆయుస్సును చరిత్రకారుడు నమ్మినా నమ్మకపోయినా, ఆయన బతుకుతెరువు గురించి ఎవరికీ పేచీ లేదు. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి ఆయన. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టారు, శతకం రాశారు, కాలజ్ఞానం చెప్పారు. తిరుగుడు వృత్తిగా ఉన్న మనిషి పాట కడితే అది ఒక ఊరికి కట్టుబడి ఉండదు. ఈనాటికీ గురుపౌర్ణమికి కైవారం మఠంలో మూడు పగళ్లూ మూడు రాత్రులూ తెంపు లేకుండా సంగీతోత్సవం జరుగుతుంది. పేరున్న విద్వాంసులూ, పల్లె భజన బృందాలూ ఒకే వేదిక ఎక్కుతారు. అక్కడ అన్నదానం పొయ్యి ఆరకపోవడాన్ని భక్తి అనే ఒక్క మాటతో సరిపెట్టకూడదు. రాత్రంతా పాట వినాలంటే కడుపులో ఏదో పడాలి. అన్నం కొనుక్కునే స్తోమత ఉన్నవాళ్లే రాత్రంతా కూర్చోగలిగితే, అర్ధరాత్రి దాటాక ఆ ఉత్సవంలో మిగిలేది డబ్బున్నవాళ్లే. ఉచితంగా పెట్టే ముద్దా సారూ ఆ వడపోతను ఆపుతాయి. సంగీతం మూడో రోజు తెల్లవారుజాము దాకా పల్లెజనం చేతిలో ఉందంటే అందుకు వంటశాల కూడా కారణం.

అదే తాలూకాలో మురుగమల్ల ఉంది. అక్కడి అమ్మాజాన్ బావాజాన్ దర్గాకు ముస్లింలు ఎంతమంది వస్తారో హిందువులూ అలాగే వస్తారు. ఉరుసు అంటే ఖవ్వాలీ, ఖవ్వాలీ అంటే రాత్రి మేలుకోవడం, మేలుకోవడం అంటే పొయ్యి వెలగడం. మొక్కు తీర్చుకునే కుటుంబం అక్కడే వండి పక్కవాళ్లకు పంచిపెట్టడం ఆనవాయితీ. ఇక పల్లెల్లో ఆడే తెలుగు పౌరాణిక నాటకాల సంగతి వేరే చెప్పాలా? హార్మోనియం పెట్టె ముందు పద్యం ఎత్తుకునే నటుడి కోసం పొరుగూరి జనం బండ్లు కట్టుకుని పోయేవాళ్లు, ఆ రాత్రి నాటకం పెట్టిన ఊరు వాళ్లకు అన్నం పెట్టేది. ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో బెంగళూరు, చిక్కబళ్లాపురం, చింతామణి, కోలారు ఊళ్లను కలుపుతూ చిన్న పట్టాల రైలు వచ్చింది. తర్వాత బస్సులు వచ్చాయి. ప్రయాణం సులువైంది, దూరం పెరిగింది, మొక్కుబడి పొయ్యి మాత్రం అందరి వెంటా రాలేకపోయింది. ఆ ఖాళీలోకి రెండు రకాల అంగళ్లు వచ్చాయి. ఒకటి మిలిటరీ హోటలు, రాగిముద్దా మాంసం సారూ దొరికేది. రెండోది అయ్యంగార్ బేకరీ, ఖారా బన్నూ, ఆలూ బన్నూ, వేడి పఫ్పూ దొరికేవి. బస్టాండు పక్కన నిలబడి ఒక చేత్తో తినగలిగేది, ఎంగిలాకు ఎత్తే పని లేనిది, పక్కన నిలబడ్డది ఎవరో అడగనక్కరలేనిది బన్ను. బర్గర్ ఈ జిల్లాకు వచ్చేనాటికి దాన్ని పట్టుకోవడం ఎలాగో ఇక్కడి చేతులకు అప్పటికే తెలుసు.

అమెరికాలో బర్గర్ కథ కూడా ప్రయాణం కథే. రెండు బన్ను ముక్కల మధ్య మాంసం పెట్టింది ముందు ఎవరన్న తగువు ఇంకా తెగలేదు. కానీ దాన్ని జనం తిండిగా నిలబెట్టినవి 1921లో విచిటాలో మొదలైన వైట్ క్యాజిల్, 1948లో మెక్‌డొనాల్డ్ సోదరులు కాలిఫోర్నియాలో వంటగదిని గొలుసు పనిగా మార్చిన పద్ధతి. కారున్న కుర్రకారు, రోడ్డు పక్క హోటలు, కార్లో రేడియో, ఈ మూడూ ఒకే కాలంలో కలిశాయి. రాక్ అండ్ రోల్ పుట్టిన 1950ల నడుమే బర్గర్ దేశమంతా పాకింది, ఎందుకంటే రెండింటి గిరాకీదార్లూ ఒక్కరే. తల్లిదండ్రుల బల్ల దగ్గర కూర్చుని తినడం ఇష్టం లేని పిల్లలు, వాళ్ల పాటలు వినడం ఇష్టం లేని పిల్లలూ వీళ్లే. కాబట్టి రాక్ కచేరీకి పోతూ దారిలో మంచి బర్గర్ వెదకడం చిల్లర సరదాలా కనిపించినా, ఇంటి పంక్తి వదిలి వచ్చినవాళ్లు తమకంటూ మరో పంక్తి వెదుక్కోవడం దాని అసలు రూపం.

ఆ పంక్తి సరిగ్గా కుదరకపోతే ఏమవుతుందో 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్ చూపించింది. మ్యాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలంలో జరిగిన ఉడ్‌స్టాక్ ఉత్సవానికి నాలుగు లక్షల మంది దాకా వచ్చారు. తిండి అమ్మే గుత్త తీసుకున్న సంస్థ పేరులో ప్రేమ ఉంది, దుకాణాల ముందు మాత్రం సరుకు చాలలేదు, ధరలు ఎగబాకాయి. రెండో రాత్రి కోపం పట్టలేని జనం వాటిలో రెండు దుకాణాలను తగలబెట్టారు. మూడు రోజుల శాంతి ఉత్సవంగా పేరుకెక్కిన చోట నిప్పంటుకుంది తిండి ధర దగ్గర! ఆ ఉత్సవాన్ని కాపాడింది హాగ్ ఫామ్ అనే సమూహం పెట్టిన ఉచిత వంటశాల. అన్నం, కూరగాయలు, కాగితం కప్పుల్లో ధాన్యపు అటుకులు పంచారు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు రొట్టెముక్కలు చేసి పంపారు, యాస్గర్ నీళ్లు ఇచ్చాడు. తమిళదేశంలో పుట్టిన స్వామి సచ్చిదానంద మొదటి రోజు అదే వేదిక నుంచి ఆ జనానికి శాంతి మాటలు చెప్పారు. ఆయన ఉపన్యాసం ఫొటోలు ఇప్పటికీ తిరుగుతుంటాయి. పొయ్యి దగ్గర గరిటె తిప్పినవాళ్ల ఫొటోలు అంతగా కనిపించవు. నా లెక్కలో ఆ మూడు రోజులు నిలబడటానికి ఉపన్యాసం కన్నా గరిటె పెద్ద కారణం. కైవారం మఠానికి తరాలుగా తెలిసిన పనిని, అమెరికా కుర్రకారు ఒక రాత్రి మంటలు చూశాక నేర్చుకుంది.

హార్డ్ రాక్ కెఫే దీనికి రెండేళ్ల తర్వాత వచ్చింది. లండన్‌లో పెద్దమనుషుల క్లబ్బులు ఒక పక్క, కూలీల టీ అంగళ్లు ఒక పక్క. ఎవరు ఎక్కడ తినాలో మాట తీరే చెప్పేసే ఊరు అది. అక్కడ వర్గం చూడని హోటలు పెట్టాలన్నది తన కోరిక అని టైగ్రెట్ పలుమార్లు చెప్పాడు. రిజర్వేషన్లు లేకుండా, వీధిలో వరసలో నిలబడితేనే లోపలికి పంపే పద్ధతి ఆ కోరికకు ఆచరణ. పాటగాళ్లు కూడా అక్కడే తినేవాళ్లు. ఎరిక్ క్లాప్టన్ తనకు అలవాటైన చోటికి గుర్తుగా ఒక గిటారు ఇచ్చాడని, అది గోడకెక్కిన కొద్దిరోజులకే పీట్ టౌన్‌షెండ్ పోటీగా తన గిటారు పంపాడని ఆ హోటలు చెప్పుకునే కథ. తర్వాత అలా చేరిన వస్తువులతో గోడలు నిండిపోయాయి. మహనీయుల పాదుకలు చూడటానికి పోయినట్టు జనం ఆ గిటార్లు చూడటానికి పోతారు, చూసి, కూర్చుని, తిని వస్తారు. 1970ల్లో టైగ్రెట్ పుట్టపర్తి సత్యసాయి బాబాకు భక్తుడయ్యాడు. ‘అందరినీ ప్రేమించు, అందరినీ సేవించు’ అన్న పుట్టపర్తి మాట హార్డ్ రాక్ గోడల మీద నినాదమై ప్రపంచమంతా తిరిగింది. 1988లో తన వాటా అమ్మేశాడు, మూడేళ్లకు ఆసుపత్రి లేచింది. ఆ దారిన వచ్చిన సంగీతకారుడూ ఒకడున్నాడు. కెనడా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మేనార్డ్ ఫెర్గూసన్ 1960ల చివర కుటుంబంతో వచ్చి, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడిలో పాఠాలు చెప్పాడు. బాబాను గురువుగా తలచాడు. బెంగళూరు నుంచి పుట్టపర్తికి పోయే పెద్ద దారి దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి కొడికొండ దగ్గర ఆంధ్రలో తిరుగుతుంది. చింతామణి దాటితే మదనపల్లె దారి. పడమటి సంగీతలోకం నుంచి ఈ నేల వైపు వచ్చినవాళ్లకు ఈ జిల్లా దారిలో పడే చోటు.

ఇక్కడ గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. ఒక ధనవంతుడికి ఒక గురువు మీద గురి కుదిరితే దాన్నుంచి ఆచారాల చరిత్ర లాగడమేమిటన్నది మొదటిది. టైగ్రెట్ ఒక్కడే ఆధారమైతే ఈ అభ్యంతరం నిలుస్తుంది. కానీ నేను ఆయన భక్తి మీద వాదం నిలబెట్టడం లేదు. వరసలో నిలబడినవాడెవడికైనా ఒకే పళ్లెం అన్న నియమం పుట్టపర్తి చూడక ముందే ఆయన హోటల్లో ఉంది. ఆ నియమానికి సరిపడే మాట తర్వాత దొరికింది. ఉడ్‌స్టాక్‌కు, మురుగమల్లకు, కైవారానికి టైగ్రెట్‌తో ఏ సంబంధమూ లేదు, మూడుచోట్లా అదే సూత్రం పనిచేసింది. ఆ నినాదం చివరకు బనీన్ల మీద అచ్చేసి అమ్మిన వ్యాపారపు మాట కాలేదా అన్నది రెండో అభ్యంతరం. అయింది. 2007 నాటికి ఆ వ్యాపారం అమెరికాలోని సెమినోల్ తెగవాళ్లు కొన్న పెద్ద సంస్థ. నినాదం అమ్ముడుపోయినా ఆసుపత్రిలో ఆపరేషన్‌కు బిల్లు రాలేదు, చరిత్ర రాసేవాడు రెండింటినీ పక్కపక్కనే రాయాలి. సత్యసాయి బాబా మీద ఆయన బతికుండగానే తీవ్రమైన ఆరోపణలు, వివాదాలు వచ్చాయి. వాటి విచారణ వేరు, ఆ వంటశాలల, ఆసుపత్రుల లెక్క వేరు. ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని మాయం చేయడం ఏ పక్షానికీ తగదు. హార్డ్ రాక్ పేరు పశుమాంసపు బర్గర్ మీద నిలబడింది, బాబా ఆశ్రమమైన ప్రశాంతి నిలయంలో విదేశీ భక్తుల కోసం పెట్టిన పాశ్చాత్య క్యాంటీనులో మాత్రం అంతా శాకాహారమే కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే, పళ్లెంలో ఏముందన్నది రెండుచోట్లా వేరు. పళ్లెం ఎవరి ముందుకు వస్తుందన్నదే నా ప్రశ్న.

అసలు బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, అది మన ఇంటివైపు వేలు చూపిస్తుంది. గుడి అన్నదానం నిజంగా అందరిదీ అయిందా? చాలాచోట్ల చాలాకాలం కాలేదు. అగ్రకులాల పంక్తి లోపల, మిగతావాళ్ల పంక్తి మండపంలో, దళితులకు గోడ అవతల. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల కాఫీ హోటళ్లలో ‘బ్రాహ్మణులకు ప్రత్యేకం’ అన్న బోర్డులుండేవి. తర్వాత దళితులకు విడి గ్లాసు పెట్టిన టీ అంగళ్లను దక్షిణాది పల్లెలు బాగా ఎరుగు. దీన్ని దాచిపెట్టి అన్నదానాన్ని పొగడటం తప్పు. కానీ ఈ చేదు నిజం నా వాదాన్ని కూలదోయడం లేదు, ఇంకా బలపరుస్తోంది. ఏ గుడిలో పంక్తి విడిపోయిందో ఆ గుడి సంగీతం కూడా విడిపోయింది. గర్భగుడి ముందు కచేరీ ఒక కులానిదైతే, గోడ బయట డప్పూ, చెక్కభజనా, కోలాటమూ వేరే కులాలవయ్యాయి. భజన బృందాలు కులం దాటి కలిసినచోట్ల పంక్తి కూడా ఎంతోకొంత కలిసింది. ఇలాంటి నేలలో, డబ్బిచ్చినవాడికి కులం అడగకుండా చేతికిచ్చే బన్ను చిన్న విషయం కాదు. సామాజిక శాస్త్రవేత్తలు మిలిటరీ హోటలును, బేకరీని ఇంకా లోతుగా చదవాల్సింది అందుకే. డబ్బు లేనివాడికి ఆ తలుపు మూసే ఉందన్నది దాని లోపం. అన్నదానానిది కులం లోపం, అంగడిది డబ్బు లోపం. రెండూ పోయినచోటు ఈ భూమ్మీద చాలా తక్కువ, అలాంటి చోట పుట్టిన పాట అందరిదవుతుంది.

చివరి అభ్యంతరం రైతుది. 1995 జూన్‌లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో కెంటకీ ఫ్రైడ్ చికెన్ దేశంలోనే తన మొదటి అంగడి తెరిచింది. 1996 జనవరి 30న కర్ణాటక రాజ్య రైతు సంఘం కార్యకర్తలు అందులోకి చొరబడి అద్దాలు పగలగొట్టారు. సంఘం నాయకుడు ప్రొఫెసర్ ఎం.డి. నంజుండస్వామి వాదం చదివితే అది మొండి స్వదేశీ కాదని తెలుస్తుంది. మనుషులు తినాల్సిన ధాన్యం కోళ్ల దాణా అయితే పల్లె పేదకు ఏం మిగులుతుంది, విత్తనం నుంచి పళ్లెం దాకా ఒకే కంపెనీ చేతిలో ఉంటే రైతు మాట చెల్లుతుందా అని ఆయన అడిగారు. అద్దాలు పగలగొట్టడాన్ని నేను సమర్థించను, ఆ ప్రశ్నలు మాత్రం ఇప్పటికీ ప్రశ్నలే. అదే ఏడాది అక్టోబరులో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో వచ్చింది, పశుమాంసం వదిలి, తర్వాత బంగాళాదుంప టిక్కీతో దేశమంతా పాకింది. అయితే కచేరీకి పోతూ మంచి బర్గర్ వెదికేవాడు ఈ గొలుసు అంగడి గిరాకీ కాదు. ఏ ఊళ్లో తిన్నా ఒకే రుచి ఇవ్వడం ఆ అంగళ్ల గొప్ప. వెదికేవాడికి కావలసింది ఆ ఊళ్లోనే, ఆ పెనం మీదే, ఆ చేతి వాటంతోనే వచ్చే రుచి. అలా వెదకబట్టే చిన్న అంగడి బతుకుతుంది. చింతామణి సంత టమోటా, ఇక్కడి ఎర్రనేలలో పండే బంగాళాదుంప, పాడి ఇళ్ల నుంచి వచ్చే వెన్న బెంగళూరు వంటింటికి కొత్తవి కావు. వాటిని ఎవరి నుంచి ఏ ధరకు కొన్నారని అడిగే తిండిప్రియుడు నంజుండస్వామికి శత్రువు కాడు.

బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ ఈ దేశపు రాక్ యాత్రికులకు పెద్ద తావు. 2003 ఏప్రిల్‌లో రోలింగ్ స్టోన్స్, 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరులో మెటాలికా అక్కడ పాడారు. ఐరన్ మెయిడెన్‌కు దేశం నలుమూలల నుంచి రైళ్లలో కుర్రవాళ్లు వచ్చారు. హైదరాబాదు కాచిగూడలో ఎక్కినవాళ్ల రైలు ధర్మవరం, హిందూపురం, గౌరిబిదనూరు మీదుగానే వస్తుంది. ఇప్పుడు కచేరీ మైదానాలు నగరం వదిలి ఉత్తరంగా, యలహంక దాటి విమానాశ్రయం వైపు జరుగుతున్నాయి. అంటే చిక్కబళ్లాపురం గడప దగ్గరకు. అవి వస్తూ తెచ్చే అలవాట్లలో ఒకటి నాకు అసలు నచ్చదు. గేటు దగ్గర నీళ్ల సీసా లాక్కుని, లోపల అదే సీసా ఎక్కువ ధరకు అమ్మడం, బయటి తిండి రానివ్వకుండా కూపన్ల వరసలో నిలబెట్టడం. ఇది భద్రత కోసమని నిర్వాహకులు చెబుతారు. సీసాలు విసిరే ప్రమాదం ఉందంటే కాగితం కప్పుల్లో నీళ్లు పోయొచ్చు, అందుకు అమ్మకం అవసరం లేదు. టికెట్టుకే నెలంతా కూడబెట్టిన పిల్లవాడు మూడు గంటలు ఆకలితో నిలబడి పాట వింటే, ఆ పాట వాడిది సగమే. బెతెల్‌లో ఆ సగం లెక్క ఎక్కడికి దారితీసిందో రాసే ఉంది. అందుకని ఈ జిల్లా పంచాయతీలకూ, అనుమతి పత్రాలు ఇచ్చే అధికారులకూ ఒక్క విన్నపం. ఇకపై ఎవరైనా మీ నేల మీద కచేరీ పెడతామని వస్తే, పోలీసు బందోబస్తు, అగ్నిమాపక శకటం అడిగినట్టే, ఉచిత మంచినీళ్లూ, అందరూ కొనగల ధరకు ఒక్క పూట తిండీ కూడా షరతుగా రాయండి. ఆ తిండి అంగళ్లలో సగమైనా స్థానిక పొదుపు సంఘాల ఆడవాళ్లకు, చిన్న బేకరీలకు ఇవ్వమనండి.